గోటి మొదట్లో నీలం

ఏ నీలమో రాయలేదు, అదే చిక్కు, నీలం అని రాసి ఊరుకున్నారు, తన నాన్న పెదవులూ వేలి గోళ్ళూ నీలంగా కనిపించాయని ఒక కూతురు ఫోన్ చేసి చెబితే ఏ దేశంలోనో ఎవరో ఆ మాట టైపు చేశారు, అది ఊళ్ళు దాటి విజయవాడ పటమటలో మా మూడో అంతస్తు ముందుగదిలోకి, భోజనాలయ్యాక వచ్చే ఈ మందకొడి ఎండలోకి, నా ల్యాప్‌టాప్ మీదికి వచ్చి కూర్చుంది, మందులు వేసుకున్నవాళ్ళకు ఏమేం జరిగాయో చెప్పే ఇలాంటి రిపోర్టులు చదివి, వాళ్ళు మామూలు మాటల్లో చెప్పుకున్న బాధకు వైద్యులు వాడే పేరేదో చూసి తగిలించడం నా ఉద్యోగం, ఫార్మసీ చదివినందుకు దొరికిన ఉద్యోగం, తల తిరిగిందంటే ఒక పేరు, కళ్ళు బైర్లు కమ్మాయంటే ఇంకో పేరు, నీలంగా మారాడంటే మాత్రం ఆగి ఆలోచించాలి, దెబ్బ తగిలి కమిలితే ఒక పేరు, ఊరికే చర్మం రంగు మారితే ఒక పేరు, నెత్తుటిలో ప్రాణవాయువు తగ్గి నీలబడితే సయనోసిస్, ఏ నీలం అక్కా అని అడిగింది సింధూరి ఫోన్లో, నాతోపాటు ఇదే పని చేసే పిల్ల, కొండపల్లిలో వాళ్ళింట్లోనే కూర్చుని చేస్తుంది, మాట్లాడుతుంటే వెనక ఎప్పుడూ ఏదో రైలు పోతూ ఉంటుంది, ఏ నీలమని నన్ను అడుగుతోంది, అద్దకం ఇంట్లో పుట్టినదాన్ని, పెడనలో మా నాన్న నీలిమందు తొట్టిలో గుడ్డను ఒక్కసారి ముంచి తీస్తే వచ్చేది ఉతికిన ఆకాశం, ఇంకోసారి ముంచితే శంఖుపువ్వు, మళ్ళీ మళ్ళీ ముంచితే నేరేడు, అంతకు మించితే కాకిరెక్క, రామలింగం గారి కాకిరెక్క నీలమని బందరు నుంచి వచ్చి మరీ అడిగి పట్టుకెళ్ళేవారు, ఆ కూతురు చూసిన నీలం ఎన్ని మునకల నీలమో, ఎవరూ అడిగి ఉండరు.

రిపోర్టులోని ఆ ముసలాయన వేసుకుంటున్నది అమిట్రిప్టిలిన్, దిగులుకిచ్చే పాత మాత్ర, మా నాన్న పెళ్ళికంటే పాతది, ఇప్పుడు దిగులుకంటే ఎక్కువగా నిద్ర పట్టనివాళ్ళకూ, కాళ్ళు మంటలెత్తేవాళ్ళకూ, నరాల నొప్పులకూ ఇస్తున్నారు, ఆ మాత్రకూ ఈ నీలానికీ ఏమైనా సంబంధం ఉందేమో చూడమని పైనుంచి చెప్పారు, ఏళ్ళ తరబడి పోగుపడిన రిపోర్టులన్నీ తిరగేసి రెండూ కలిసి కనిపించినవాటిని ఏరుతున్నాం, ఆ సముద్రంలో గుప్పెడు తేలాయి, అందులోనూ కొన్ని మోతాదు మించి మింగినవాళ్ళవి, కొన్ని ముందునుంచే గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవాళ్ళవి, దీంట్లో ఏం లేదక్కా అంది సింధూరి, నిజమే, నేనే నేర్పాను దానికి, మందూ రోగమూ ఒకే రిపోర్టులో పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదానివల్ల ఇంకోటి వచ్చినట్టు కాదు, బస్సులో పక్కపక్క సీట్లో కూర్చున్నవాళ్ళంతా మొగుడూపెళ్ళాలా అని ట్రైనింగులో నేనంటే అందరూ నవ్వారు, ఇప్పుడు ఆ మాటే నాకు అప్పజెబుతోంది, బస్సులో పక్కన కూర్చుందిలే అక్కా, వదిలెయ్, వదిలేద్దామనే చూస్తున్నాను, కానీ కళ్ళు మాటిమాటికీ ఫ్రిజ్ మీదికి పోతున్నాయి, ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో మాత్రల రేకు, రేకు వెనక వెండిరంగు మీద సన్నటి అక్షరాల్లో అదే పేరు, రోజూ భోజనమయ్యాక నేనే ఒకటి నొక్కి తీసి నాన్న అరచేతిలో వేస్తాను, ఆ అరచెయ్యి, దాని అంచున వేళ్ళు, ఆ వేళ్ళ చివర, వద్దు, అటు పోవద్దు, టైపు చెయ్యి, వయసు, బరువు, ఎన్నాళ్ళనుంచి వాడుతున్నాడు.

లోపలి గదిలో నాన్న టీవీలో వంటల కార్యక్రమం చూస్తున్నాడు, చూడటమేమిటి, దాంతో పోట్లాడుతున్నాడు, ఉప్పు చూడకుండానే అద్భుతం అంటుందేవిటే ఈ మనిషి, పులుసులో బెల్లం అంత గుమ్మరించింది, మీ అమ్మే ఉంటే గరిటె పుచ్చుకుని టీవీలోకి దూకేది, మీ అమ్మ అంటున్నాడు, ఎంత తేలిగ్గా అంటున్నాడు, అమ్మ పోయాక ఏళ్ళ తరబడి ఆ మాట ఆయన నోట రాలేదు, అసలు మాటే రాలేదు, పెడనలో పొద్దున్నే తొట్టి దగ్గర నిలబడేవాడు, చీకటి పడేదాకా ముంచేవాడు, తీసేవాడు, పిండేవాడు, అన్నం పెడితే తినేవాడు, ఏమడిగినా తల ఊపేవాడు, రామలింగానికి చెవుడొచ్చిందని వీధిలో అనుకున్నారు, ఈ ఏడు ఉగాది దాటాక ఒకరోజు కాళ్ళు మంటలెత్తిపోయి తొట్టి పక్కనే కూలబడ్డాడు, అప్పుడు గానీ తెలియలేదు చాలాకాలంగా ఆ కాళ్ళు కాలుతున్నాయని, చెప్పలేదు కదా, అన్నయ్యా నేనూ వెళ్ళి కారులో ఇక్కడికి తీసుకొచ్చేశాం, కాళ్ళకూ మనసుకూ రెండిటికీ ఇది పనిచేస్తుందమ్మా అని డాక్టరు గారు ఈ మాత్ర రాశారు, కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, చారులో మిరియం ఎక్కువైందే అన్నాడు, అంతే, నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను, అన్నయ్య కిరణ్‌కుమార్‌కి ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉంది, ఫోన్ చేస్తే గ్రీజు చేతులతోనే స్వీటు పెట్టె పట్టుకుని వచ్చేశాడు, నాన్న ఆ చేతులు చూసి, ఏరా కిరణూ, నా కొడుకువనిపించుకోవాలని రంగు పూసుకొచ్చావా అన్నాడు, తిట్టాడే నన్ను, పేరు పెట్టి తిట్టాడే రాజీ అని అన్నయ్య మెట్లు దిగుతూ కూడా అదే మాట చెప్పుకుంటూ వెళ్ళాడు.

రాజ్యం, కాఫీ చుక్కేమైనా దొరుకుతుందా, అదీ మాన్పించేశారా మీ ఆఫీసోళ్ళు అని నాన్న కేకేశాడు, లేచాను, పాలు వెచ్చబెట్టాను, గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చాను, కిటికీలోంచి ఎండ ఆయన ఒళ్ళో పడుతోంది, గ్లాసు అందుకున్న చెయ్యి ఎండలోకి వచ్చింది, గోళ్ళు నీలం, అయితే ఏమిటి, ఎప్పటి నీలమే కదా, ఆ నీలపు చేతులతోనే నాకు పెరుగన్నం కలిపి పెట్టాడు, బడిలో చేర్పించిన రోజు సిరా ఒలికిందా అండీ అని టీచరమ్మ అడిగితే సిగ్గుపడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, ఆధార్ తీసినప్పుడు గాజు పలక మీద వేళ్ళు ఎన్నిసార్లు ఆనించినా పడలేదు, కడుక్కురండి పెద్దాయనా అంటే, కడిగితే పోయేది కాదయ్యా, నాతోనే పోవాలి అన్నాడు, చిన్నప్పుడు తొట్టి దగ్గర నన్ను ఎత్తి పట్టుకుని చూపించేవాడు, గుడ్డ తొట్టిలోంచి బయటికి వచ్చేటప్పుడు నీలంగా ఉండదు, పచ్చగా ఉంటుంది, పసరు పూసినట్టు, దాన్ని దండెం మీద విప్పి పట్టుకుంటే చూస్తుండగానే అంచులనుంచి నీలం పాకుతూ వస్తుంది, చూడవే రాజ్యం, గాలి తాగుతోంది అనేవాడు, గాలి తాగితేనే దానికి రంగు, కాఫీ ఇంత వేడిగా ఉందేవిటే, నాలిక ఊడగొడతావా అంటున్నాడు ఇప్పుడు, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడా, వేడికి ఊదుకున్నాడా, దసరాల ముందు చూపించినప్పుడు డాక్టరు గారు కూడా అడిగారు, ఏంటండీ గోళ్ళిలా ఉన్నాయి అని, నాన్నా నేనూ ఇద్దరం ఒక్క గొంతుతో, రంగు పనండీ అన్నాం, ఆయన నవ్వి బీపీ పట్టీ చుట్టారు, ఆ జవాబు మా నాలిక మీద తరాలనుంచి సిద్ధంగా ఉంది, అడగడం ఆలస్యం, దానంతటదే వచ్చేస్తుంది.

అప్పుడూ అలాగే వచ్చింది, వద్దనుకుంటే మాత్రం ఆగుతుందా ఈ జ్ఞాపకం, రెండోసారి కరోనా వచ్చిన ఎండాకాలం, నేను పెడనలోనే ఉన్నాను, అమ్మకు జ్వరం, అన్నయ్య ఎవరి చేతో ఆక్సీమీటర్ పంపాడు, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది, బట్టల క్లిప్పులా వేలికి తగిలిస్తే ఎర్రగా వెలిగి అంకె చూపిస్తుంది, అమ్మ వేలికి పెట్టాను, అంకె ఉండాల్సినదానికంటే చాలా కింద ఆగింది, నాన్న తన వేలు చాపాడు, రాయిలా ఉన్న మనిషి, ఆయనకూ తక్కువే చూపించింది, నాకు పెడితే నిండుగా చూపించింది, ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం, తేలిపోయింది, తొట్టిలో చెయ్యి పెట్టే ఇద్దరికీ తక్కువ, పెట్టని నాకు సరిగ్గా, గోటిలోంచి దీపం వెళ్ళాలి కదా, గోరు నీలమైతే ఎలా వెళుతుంది, ఇది మన చేతులకు పనికొచ్చే మిషను కాదే అన్నాడు నాన్న, నా నీలం చూసి జడుసుకుంది పాపం అంది అమ్మ, మా అమ్మ రావమ్మ, ఆయాసపడుతూ కూడా నవ్వింది, నేనూ నవ్వాను, ఫార్మసీ చదివిన నేను, నాన్న లెక్క ఎంత సరిగ్గా ఉందో అని మురిసిపోయాను కూడా, సగం సరైన లెక్క, నాన్న అంకె తప్పు, అమ్మ అంకె తప్పు కాదు, మర్నాడు బందరు తీసుకెళుతుంటే కారు వెనక సీట్లో అమ్మ తల నా ఒళ్ళో ఉంది, పెదవులు చూశాను, నీలం, చూసి ఏమనుకున్నాను, రంగు చెయ్యి తడితోనే మూతి తుడుచుకున్నట్టుంది అనుకున్నాను, నా కొంగుతో తుడిచాను కూడా, తుడిచిన కొద్దీ పోలేదు, అప్పటికీ నా బుర్ర రంగు అనే అంది, ఆ మిషను ఇప్పటికీ ఉంది, జేబురుమాలులో చుట్టి బీరువాలో అమ్మ చీరల కింద, పారేయలేదు, వాడలేదు, బీరువా తలుపు సందులో ఎర్రగా వెలిగినట్టు ఎన్నోసార్లు అనిపించి ఒకసారి తీసి బ్యాటరీలు పీకేశాను, ఆ తర్వాత కూడా వెలుగుతూనే ఉంది, బ్యాటరీలు లేకుండా.

ముందుగదిలోకి వచ్చి అన్నయ్యకు ఫోన్ చేశాను, వెనక సుత్తి దెబ్బలు, ఎవరో రేకు కోస్తున్న కీచు శబ్దం, నాన్న వేసుకునే మాత్ర గురించి ఆఫీసులో ఒక రిపోర్టు చూశానన్నయ్యా అన్నాను, ఏం రిపోర్టు అన్నాడు, కొంతమందికి నీలబడిందట, రుజువేం కాలేదు, చూస్తున్నారంతే, నాన్న గోళ్ళు చూస్తే నాకేదో, అనేలోపే, నాన్న గోళ్ళు ఎప్పుడు తెల్లగా ఉన్నాయే అన్నాడు, మీ ఆఫీసు రోగాలన్నీ ఇంట్లోకి తేకమ్మా తల్లీ, కిందటేడు నాకు తలనొప్పంటే మెదడులో ఏదో ఉందేమోనని మా ఆవిడ్ని హడలగొట్టి చంపావు, చూస్తే కళ్ళజోడు మారాల్సొచ్చింది, నవ్వాడు, నవ్వి ఆగాడు, గొంతు తగ్గించాడు, రాజీ, ఆ మాత్ర మాన్పిస్తే మళ్ళీ ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటే, ఎవరు చూస్తారే ఆ మొహం, నా వల్ల కాదు, నీ వల్ల అవుద్దా, నా భయమూ అదే, ఇందాకటినుంచి రిపోర్టు వెనక దాక్కుని చూస్తున్నది అదే, ఎర్రగా ఆరోగ్యంగా ఉండి నోరు విప్పని నాన్న కావాలా, నీలబడుతూ జోకులేసే నాన్న కావాలా, ఛీ, ఇదేం ప్రశ్న, మాత్ర కాకపోవచ్చు, ఇన్నాళ్ళు తొట్టిలో కలిపే సున్నం ఆవిరీ పొగా పీల్చిన ఊపిరితిత్తులు కావచ్చు, గుండె కావచ్చు, ఏమీ కాకపోవచ్చు, మాత్రే అయినా ఇంకోటి ఇస్తారు, ఒక్క మాత్రతోనే మాటలు వస్తాయని ఎక్కడుంది, ఇవన్నీ తెలుసు, తెలిసి కూడా, గోళ్ళు ఎప్పుడు తెల్లగా ఉన్నాయే అన్న ఆ ఒక్క మాట పట్టుకుని హాయిగా కూర్చోవాలనిపిస్తోంది, ఎప్పుడూ నీలమే, ఎప్పటి నీలమే, రంగు పనండీ.

ఫోన్ పెట్టేసి నా గోరు నేనే గోకుతూ కూర్చున్నట్టున్నాను, అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షనుకు వేసుకున్న మెరూన్ రంగు ఇంకా ఉంది, చివర్ల పెచ్చులూడింది, మొదట్లో మాత్రం సన్నటి నెలవంకలా తెల్లగా ఖాళీ వచ్చింది, గోరు పెరిగింది, రంగును ముందుకు నెట్టుకుంటూ పోయింది, ఆ ఖాళీని చూస్తుంటే అమ్మ గొంతు వినిపించింది, మా అద్దకం ఇళ్ళలో పిల్లకు సంబంధం కుదిరిన రోజునుంచే తొట్టి దగ్గరికి రానివ్వరే, గోరు మొదట్నించీ తెల్లగా వస్తుంది, నీలం చివరికి జరుగుతుంది, కత్తిరించుకుంటూ పోవడమే, పదీ తెల్లబడ్డాకే ముహూర్తం, మీ నాన్న వాళ్ళు తొందరపెడితే మీ అమ్మమ్మ నా చెయ్యి చాపి చూపించింది, ఇదిగో, ఇంకా సగం ఉంది, మీ అబ్బాయిని ఆగమనండి అంది, అప్పట్నించీ మీ నాన్న రోజూ మా వీధిలోంచే పోయేవాడు, నా మొహం చూడ్డానికి కాదే పిచ్చిదానా, గోళ్ళు చూడ్డానికి, అని అమ్మ నవ్వేది, ఆయాసం లేని నవ్వు, తోసుకుంటూ పోతుంది గోరు, కింది నుంచి కొత్తది వస్తుంది, అమ్మ పది గోళ్ళూ ఆర్నెల్లు తిరక్కముందే తెల్లబడ్డాయట, నాన్న తొట్టిలో చెయ్యి పెట్టి ఎన్నాళ్ళయింది, ఉగాది దాటాక కూలబడ్డాడు, ఎండలు పోయాయి, వానలు పోయాయి, కృష్ణకు వరదొచ్చి తగ్గింది, దసరా అయింది, కార్తీకం సగంలో ఉన్నాం, అప్పటి గోరు ఒక్కటి కూడా ఆయన వేళ్ళ మీద ఉండదు, నేనే కత్తిరించాను, పాత పేపరు పరిచి, వారం వారం, నీలపు ముక్కలన్నీ నా చేత్తోనే చెత్తబుట్టలో పోశాను, ఇందాక గ్లాసు చుట్టూ ఎండలో ఉన్న ఆ గోళ్ళు, మొదట్లో ఎలా ఉన్నాయి, నెలవంక ఉండాల్సిన చోట, నీలం, మొదట్నించీ చివరిదాకా ఒకే నీలం, బయటినుంచి పట్టింది కాదు, లోపలినుంచి వస్తున్నది, నీలం ఇంట్లో పుట్టి పెరిగి నాన్నా అన్నయ్యా నేనూ నీలాన్ని చూడటమే మానేశాం, గుడ్డ గాలి తాగి నీలమవుతుంది, మనిషి గాలి అందక నీలమవుతాడు, తెలుసు, రెండూ తెలుసు, ఒకటి నాన్న చెప్పాడు, ఒకటి పుస్తకంలో చదివాను, రెండిటినీ ఎప్పుడూ పక్కపక్కన కూర్చోబెట్టలేదు, అంతే.

బీరువా తలుపు కిర్రుమంది, అమ్మ చీరల కింద చెయ్యి పోనిస్తే రుమాలు తగిలింది, చల్లగా ఉంది, చిన్నగా ఉంది, ఇంత చిన్నదా, బ్యాటరీలు లేవు, నాన్న గదిలోకి వెళ్ళి మంచం మీద ఉన్న టీవీ రిమోట్ వెనక మూత లాగి రెండూ ఊడదీశాను, ఏమే, ఏం చేస్తున్నావ్, దాని పులుసు ఇంకా అవ్వలేదు, అయ్యాక ఛానెల్ మార్చుకోవద్దూ అన్నాడు, నా చేతిలో ఉన్నది చూశాడు, టీవీలో ఎవరో అద్భుతం అంటున్నారు, దాన్నెందుకు తీశావ్ రాజ్యం, అది మన చేతులకు పనికిరాదని అప్పుడే తేలింది కదా అన్నాడు, గొంతు గోడ వైపు తిరగబోతోంది, నాకు తెలుసు ఆ తిరగడం, ఏళ్ళ తరబడి చూశాను, నాన్నా, నువ్వు తొట్టి దగ్గరికి వెళ్ళి ఎన్నాళ్ళయింది అన్నాను, ఆయన చెయ్యి ఎత్తి కిటికీ వైపు పట్టుకున్నాడు, తడిగుడ్డ రంగు సమంగా పట్టిందో లేదో వెలుతురుకు అడ్డంపెట్టి చూసుకునేవాడు చూడండి, అలాగే, ఒక్కో వేలూ వంచి, గోటి మొదలు బొటనవేలితో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి, చాలాసేపు చూశాడు, ఇది మనం వేసిన రంగు కాదే అన్నాడు, మెల్లగా, బేరానికొచ్చినవాడు వేరే వాళ్ళ సరుకు చూపిస్తే చెప్పినట్టు, చెప్పి చెయ్యి నా వైపు చాపాడు, మంచం అంచున కూర్చున్నాను, ఆయన చూపుడువేలు పట్టుకున్నాను, చల్లగా ఉంది, క్లిప్పు తెరిచి తగిలించాను, మీట నొక్కాను, నీలపు గోటి మీద ఎర్ర దీపం వెలిగింది, అంకె కోసం గీతలు మెరుస్తూ తడుముకుంటున్నాయి, అప్పుడు నవ్వి మొహం తిప్పుకున్నదాన్ని, ఇప్పుడు తిప్పుకోలేదు.